భవానీపూర్ నుంచి వాల్తేరు దాకా స్ఫటిక విద్య

ద్రావణంలో జింక్ ఆక్సైడ్ నానో కడ్డీలను పెంచి, వాటి ఆకృతిని తరచి చూసే విద్య నిన్నమొన్నటిదిలా కనిపిస్తుంది. మన దేశంలో దాని వేళ్లు వెతుక్కుంటూ పోతే కలకత్తా భవానీపూర్ వాసి సర్ ఆశుతోష్ ముఖర్జీ ఎదురవుతారు. గణితవేత్త, న్యాయమూర్తి అయిన ఆయన 1914లో కలకత్తా విశ్వవిద్యాలయ సైన్స్ కళాశాలకు పునాది వేశారు. విశాఖలో చదువుకుని, ఆర్థికశాఖలో ఉన్నతోద్యోగం చేస్తున్న సి.వి. రామన్‌ను 1917లో పాలిత్ ఆచార్య పీఠానికి తెచ్చారు. ఆ పీఠానికి విదేశీ శిక్షణ తప్పనిసరి అన్న నిబంధనను రామన్ కోసం సడలించారు. తర్వాతి చరిత్రంతా ఆ సాహసానికి రుణపడి ఉందని నా నమ్మకం.

అప్పటికే 1912లో లావే ఎక్స్ కిరణాలతో స్ఫటికంలోని అణువరుసలను పట్టి చూపారు. మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన బౌబజార్ పరిశోధనాలయంలో రామన్ బృందం కాంతి పరిశోధనకు దిగింది. అక్కడే కేదారేశ్వర్ బెనర్జీ ఎక్స్ కిరణాలతో నాఫ్తలీన్, ఆంత్రసీన్ స్ఫటిక నిర్మాణాలను ఛేదించారు. 1928 ఫిబ్రవరి 28న, చెదరిన కాంతిలో పదార్థపు కంపనాల జాడ చూపే రామన్ ఫలితం వెలువడింది. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చిన యువకుడు సూరి భగవంతం ఆ ఏడాదే రామన్ దగ్గర చేరి, ఆ విద్యను ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మోసుకొచ్చారు. సౌష్ఠవ గణితంతో స్ఫటిక కంపనాలను లెక్కగట్టే పద్ధతిని టి. వెంకటరాయుడుతో కలిసి గ్రంథస్థం చేయగా, 1948లో అది వాల్తేరు నుంచే వెలువడింది. తెలుగునేల గర్వంగా తలచుకోదగిన పుస్తకం అది.

స్వాతంత్ర్యానంతరం జాదవ్‌పూర్‌లో గాజు, పింగాణీ పరిశోధనాలయం వెలసింది. ఆక్సైడ్లు అక్కడ నిత్యవ్యవహారమయ్యాయి. 1991లో టైటానియం ఆక్సైడ్ నానోకణాలతో సౌరఘటం, 2001లో జింక్ ఆక్సైడ్ నానోపట్టీలు ప్రపంచ దృష్టిని నానో ఆక్సైడ్ల వైపు మళ్లించాయి. మిల్లీమీటరులో పది లక్షో వంతు కొలతలో ఆకృతే గుణాన్ని శాసిస్తుంది. త్వరగా పెరిగే ముఖం కుంచించుకుపోతుంది, నిదానంగా పెరిగేవి మిగులుతాయి. అందుకే జింక్ ఆక్సైడ్ ఆరు పలకల కడ్డీగా సాగుతుంది. ఎక్స్ కిరణ వివర్తన శిఖరాలు వెడల్పైన కొద్దీ కణం అంత చిన్నదని 1918లో షెరర్ చెప్పిన సూత్రం నేటికీ ప్రయోగశాలల్లో తొలి కొలమానం. ఆ తర్వాత రామన్ వర్ణపటం తీస్తారు. సెంటీమీటరుకు 437 తరంగాల దగ్గర గీత పడితే అది షట్కోణ జింక్ ఆక్సైడ్. ఏ కంపనానికి గీత పడుతుందో, దేనికి పడదో నిర్ణయించేది భగవంతం, వెంకటరాయుడు బోధించిన ఆ సౌష్ఠవ గణితమే.