హైదరాబాదు క్లోరోఫారము విచారణ

ఆపరేషను అనగానే మనలో చాలామంది కత్తికంటె మత్తుమందుకే ఎక్కువగా జంకుతారు. "మళ్లీ లేస్తానా?" అని పెద్దవారు అడుగుట మనమందరము విన్నదే. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకై 1889లో ఇంగ్లండు నుండి ఒక ప్రఖ్యాత వైద్యుడు హైదరాబాదుకు వచ్చిన సంగతి మన సంఘస్థులలో కొద్దిమందికే తెలుసు. ఆ రోజులలో భద్రాచలము మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా, మా ఖానాపురం హవేలి, ఖమ్మం ప్రాంతము నిజాం రాజ్యములో ఉండేవి. మన ముత్తాతలు శిస్తు కట్టిన ఖజానా నుండే ఆ విచారణకు సొమ్ము వెళ్లినది గనుక దీనిని మన ఇంటి చరిత్రగానే వ్రాయుచున్నాము.

1846 అక్టోబరు 16న బోస్టనులో ఈథరుతో నొప్పిలేని శస్త్రచికిత్స లోకానికి వెల్లడైనది. మరుసటి ఏడు నవంబరులో ఎడింబరోలో సింప్సను క్లోరోఫారము వాడాడు. కాన్పు నొప్పులకు మందిచ్చుట దైవాజ్ఞకు విరుద్ధమని ఆక్షేపణ వచ్చినప్పుడు, ఆదాము ప్రక్కటెముక తీయుటకు ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెను గదా అని సింప్సను బైబిలునుండే జవాబు చెప్పాడు. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు డాక్టరు జాన్ స్నో క్లోరోఫారము ఇచ్చిన తరువాత ఆ గొడవ చాలమట్టుకు సద్దుమణిగినది.

సద్దుమణగనిది చావు భయము. 1848 జనవరి 28న హానా గ్రీనర్ అనే 15 ఏండ్ల పిల్లకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము ఇవ్వగా కొద్ది నిమిషాలలోనే ప్రాణము పోయినది. ముందు ఆగినది ఊపిరా, గుండెయా? లండను వైద్యులు నాడి మీద వేలు పెట్టి చూడమన్నారు. ఎడింబరోలో సైమ్ అనే సర్జను శిష్యులు నాడిని వదలి ఊపిరినే కనిపెట్టమన్నారు.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డు లారీ. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, వైద్య పాఠశాలకు కూడ అధిపతియై, తన గురువు పద్ధతినే అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో నడిపించాడు. 1888లో నిజాం ప్రభుత్వము వేసిన మొదటి కమిషను కుక్కలపై ప్రయోగాలు చేసి ఎల్లప్పుడు ఊపిరే ముందు ఆగునని తేల్చినది. లండనులోని 'లాన్సెట్' పత్రిక దానిని నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరపు మనిషినే పంపమన్నారు. నమ్మని వానినే పిలిచి చూపించుట మాకు మెచ్చదగినదిగా తోచినది. అలా వచ్చినవాడు లాడర్ బ్రంటన్. 1867లోనే గుండెనొప్పికి అమైల్ నైట్రైటు మందు కనిపెట్టిన ఘనుడు. కుక్కలు, కోతులు మొదలైన 400కు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగినవి. గుండెకు అపాయమున్నదను తలంపుతో వచ్చిన బ్రంటన్ కూడ చివరకు లారీతోనే ఏకీభవించాడు. ఆ మూగజీవాల సంఖ్య తలచుకొంటే మాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అయినను ఆ తీర్పు సగమే నిజము. మిగిలిన సగము మన ఇష్టముతో పనిలేకుండ నడిచే నాడులలో దాగి ఉన్నది. 1898లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ వీటికి స్వయంచాలిత నాడీమండలమనే అర్థము వచ్చే పేరు పెట్టాడు. తునికాకు కోయబోయిన మనిషికి అడవిలో ఎలుగుబంటి ఎదురైనదనుకొందాము. గుండె దడదడలాడును, నోరెండును, కంటిపాప పెద్దదగును. ఇది సహానుభూత నాడుల పని. మూత్రపిండాలపై ఉండే గ్రంథులనుండి వచ్చే అడ్రినలిను వీటికి తోడగును. రెండవ శాఖలో ముఖ్యమైనది వేగస్ నాడి. అది గుండెకు కళ్లెము వంటిది. క్లోరోఫారము వలన వేగస్ గుండెను నెమ్మదింపజేసినను అది రక్షణయే, మందు తక్కువగా వ్యాపించునని హైదరాబాదు కమిషను వాదించినది.

1893లో కేంబ్రిడ్జిలోనే గాస్కెల్, షోర్ అను ఇద్దరు క్లోరోఫారము కలిసిన రక్తము మెదడుకు మాత్రమే పోవునట్లు ఒకసారి, గుండెకు పోవునట్లు మరొకసారి ఏర్పాటుచేసి చూశారు. గుండెకు చేరినప్పుడే రక్తపోటు పడిపోయినది. అనగా మందు గుండెనే బలహీనపరచును. తరువాత 1911లో గుడ్‌మన్ లెవీ అసలు ముడి విప్పాడు. చాలీచాలని క్లోరోఫారము మత్తులో అడ్రినలిను చేరితే గుండె గది క్రమము తప్పి వణకి, రక్తము తోయలేక ఆగిపోవును. భయముతో బల్లమీద పడుకొన్న మనిషి ఒంటిలో అడ్రినలినుకు కొదువేమున్నది! మోతాదు ముదిరితే ఊపిరి ముందు ఆగుననుటలో లారీ తప్పలేదు. "ఎల్లప్పుడు" అనుటలోనే తప్పాడు.

ఈ జ్ఞానము వలననే క్రమముగా క్లోరోఫారము ఆస్పత్రులనుండి తొలగినది. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేనుకు కూడ అడ్రినలినుతో పొత్తు కుదరదని తెలిసి వైద్యులు జాగ్రత్తపడ్డారు. వేగస్ కళ్లెమును వదులుచేయుటకు అట్రోపిను ఉన్నది. మన చేలగట్ల మీది ఉమ్మెత్తలో ఉండే విషము ఆ జాతిదే. అందుకే ఉమ్మెత్త గింజ తిన్నవానికి నోరెండి, కంటిపాప పెద్దదై, మతి చలించును. నొప్పిమందుల దారులు వేరు. నల్లమందునుండి తీసిన మార్ఫిను మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును అణచును; మోతాదు మించితే ఊపిరిని కూడ అణచును. ఆస్పిరిను దెబ్బతిన్న చోటనే నొప్పి రేపే పదార్థము పుట్టకుండ ఆపునని 1971లో జాన్ వేన్ చూపించాడు.

లారీ పాఠశాలలో చదివినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ స్త్రీ ఉన్నారు. 1885లో చేరిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. 1889 నుండి 1917 వరకు హైదరాబాదు ఆస్పత్రులలో మత్తు ఇచ్చుటే ఆమె వృత్తి. ప్రపంచములో మత్తువైద్యురాలైన తొలి స్త్రీ ఆమెయేనని చాలమంది చరిత్రకారులు అంటారు. 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడ చదివి వచ్చారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1908 మూసీ వరదలో కొట్టుకొనిపోయినది. ఆమె మాత్రము మరి తొమ్మిదేండ్లు రోగుల తలాపున నిలిచి వారి ఊపిరిని కనిపెట్టుచునే ఉన్నారు.