ఇంట గెలవడానికి తవ్వుకున్న గొయ్యి

2025 నవంబరు 16, ఆదివారం. ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికా మీద 124 కొడితే చాలు అన్న టెస్టులో మనవాళ్ళు 93కి చాప చుట్టేశారు. మర్నాడు ఆఫీసు క్యాంటీన్లో మా టీము కుర్రాడొకడు డబ్బా మూత కూడా తియ్యకుండా అడిగాడు: "అన్నా, గ్రౌండ్ మనది, పిచ్ మనం అడిగి చేయించుకున్నది. మరి మనమెట్ల ఓడిపోతం?"

వాడన్నది నిజమే. మ్యాచి అయ్యాక కోచ్ గంభీర్ కూడా ఇలాంటి పిచ్చే మేం అడిగాం అని ఒప్పుకున్నాడు. శుభ్‌మన్ గిల్ మెడ పట్టేసి రెండో ఇన్నింగ్స్ ఆడలేదు కాబట్టి ఒక బాట్స్‌మన్ తక్కువే అనుకోండి. అయినా 124 అంటే ఎంతని!

నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. మొదటిసారి విన్నది 1987 మార్చిలో, మా ఇంటి అరుగు మీద. అప్పుడు నేను నిక్కర్లేసుకునే వయసు. పాకిస్తాన్‌తో సిరీస్, మొదటి నాలుగు టెస్టులూ డ్రా. ఐదోది బెంగళూరులో. మొదటిరోజు నుంచే బంతి బొంగరంలా తిరిగింది. మణీందర్ సింగ్ 27 పరుగులకి 7 వికెట్లు తీసి పాకిస్తాన్‌ని 116కి ఔట్ చేశాడు. అరుగు మీద పెద్దవాళ్ళంతా ఇక అయిపోయిందన్నారు. తీరా చూస్తే మనం 145. వాళ్ళు మళ్ళీ 249. మనకి 221 కావాలి. ఆ పిచ్ మీద గవాస్కర్ 96 కొట్టాడు, తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో. ఇక్బాల్ కాసిం బంతికి ఆయన ఔటయ్యాక 16 పరుగుల తేడాతో ఓడిపోయాం. పాకిస్తాన్ మన దేశంలో సిరీస్ గెలవడం అదే మొదలు.

తమాషా ఏంటంటే, ఆ మ్యాచిలో వాళ్ళ ప్రపంచ ప్రఖ్యాత లెగ్ స్పిన్నర్ అబ్దుల్ ఖాదిర్ ఆడనేలేదు. కాసిం, తౌసీఫ్ అహ్మద్ చెరో 9 వికెట్లు పంచుకున్నారు. ట్రాన్సిస్టర్ కట్టేస్తూ మా నాన్నగారు "మనం వండుకున్న వంట వాళ్ళు తినిపోయార్రా" అన్నారు. ఆ మాట నాకు అలా ఉండిపోయింది.

ఇంతకీ ఈ వంట ఎలా చేస్తారు? పిచ్ అంటే బంకమన్ను ఎక్కువున్న మట్టి. నీళ్ళు పెట్టి, తడి ఉండగానే రోలర్ తొక్కించి ఎండనిస్తే గట్టిపడుతుంది. గడ్డి వేళ్ళు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. ఎర్రమట్టి అయితే బంతి ఎగురుతుంది, నల్లమట్టి అయితే ఎక్కువగా తక్కువెత్తులో, నెమ్మదిగా వస్తుంది. నీళ్ళు తొందరగా ఆపేసి, గడ్డి గొరిగేస్తే పైపొర ముందే పొడిబారి పెళ్ళలు లేస్తుంది. మామూలుగా మూడోరోజో నాలుగోరోజో జరగాల్సింది మొదటిరోజు లంచ్‌కే జరుగుతుంది. క్యూరేటర్ చేతిలో ఉన్నదల్లా ఇదే: ఆ అరుగుదల ఎప్పుడు మొదలవ్వాలి అన్నది. చూడ్డానికి చిన్న విషయం. మన టెస్టుల చరిత్ర సగం దీని మీదే నడిచింది.

అజారుద్దీన్ కాలం గుర్తు చేసుకోండి. 1993 ఇంగ్లండ్ సిరీస్ 3-0. అందరూ "స్పిన్ పిచ్‌లు వేసి కొట్టారు" అంటారు గానీ స్కోర్లు చూస్తే కథ వేరు. కలకత్తాలో అజార్ 182. మద్రాసులో మనం 560కి 6, సచిన్ 165. బొంబాయిలో 591, కాంబ్లీ 224. అంటే ఆ పిచ్‌ల మీద బాటింగ్ బ్రహ్మాండంగా చెయ్యొచ్చు. ముందు రెండ్రోజులు తీరిగ్గా బాదడం, తర్వాత నెమ్మదిగా అరిగే పిచ్ మీద కుంబ్లే, మన హైదరాబాదీ వెంకటపతి రాజు, చౌహాన్ చుట్టూ ఫీల్డర్లని పెట్టి పీక నొక్కడం. ఇందులో మన బలం తిరిగే బంతి ఒక్కటే కాదు, టైము కూడా. ఐదురోజుల ఆటలో మనవాళ్ళు ఓపిగ్గా ఆడగలరు, అవతలివాళ్ళకి ఆ ఎండలో, ఆ పిచ్ మీద ఓపిక అయిపోతుంది.

2016 డిసెంబరులో చెన్నైలో అదే రిపీటు. టాస్ ఇంగ్లండ్‌దే, 477 కొట్టింది. మనం 759కి 7, కరుణ్ నాయర్ 303 నాటౌట్. చివరిరోజు జడేజా 48 పరుగులకి 7 వికెట్లు. ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. అంటే టాస్ ఓడినా, ఎదుటివాడు 477 కొట్టినా నష్టం లేకపోయింది. సొంతగడ్డ బలం అంటే నా దృష్టిలో అదీ.

మరి రెండు నెలలకే పుణేలో ఏమైంది? ఆస్ట్రేలియా మీద, మొదటి గంట నుంచే తిరిగే పిచ్. మనం 105, 107. స్టీవ్ ఓకీఫ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సరిగ్గా 35 పరుగులకి 6 వికెట్లు! 333 పరుగుల తేడాతో ఓడాం. ఓకీఫ్ అశ్విన్ కంటే గొప్పవాడా? కాదు. కానీ అలాంటి పిచ్ మీద గొప్పతనం అక్కర్లేదు. ఒక బంతి బారెడు తిరుగుతుంది, అదే చోట పడ్డ ఇంకోటి తిరక్కుండా నేరుగా వస్తుంది. ఏది ఎటు పోతుందో వేసినవాడికే తెలీనప్పుడు ఆడేవాడికేం తెలుస్తుంది? వికెట్ల మీదకి నిలకడగా వేసేవాడు చాలు. మన ఓపిక, మన నైపుణ్యం, ఫ్లైటు, గూగ్లీ అన్నీ వేస్టు.

దీనికి నా దగ్గర రెండు భలే సాక్ష్యాలున్నాయి. 2004 వాంఖెడేలో మైకేల్ క్లార్క్, 2021 అహ్మదాబాదులో జో రూట్. ఇద్దరూ బాట్స్‌మెన్, పార్ట్‌టైం బౌలింగ్. క్లార్క్ 6.2 ఓవర్లలో 9 పరుగులకి 6 వికెట్లు. రూట్ కూడా సరిగ్గా 6.2 ఓవర్లే, 8 పరుగులకి 5 వికెట్లు. రెండు మ్యాచులూ మనమే గెలిచాం, అందుకే పాఠం నేర్చుకోలేదు. మొదటిది 13 పరుగులతో గట్టెక్కాం. టెస్టింగ్ చెయ్యని కోడు ప్రొడక్షన్‌లో ఏదో అదృష్టం కొద్దీ నడిచిపోతే మనం ఏం చేస్తాం? దాన్నే కాపీ కొడతాం కదా.

ఇది శాంపుల్ సైజు గొడవేనండీ. రెండు టీముల మధ్య తేడా చిన్నదే అయినా వేల బంతులు పడితే బయటపడుతుంది. రెండున్నర రోజుల్లో, ఒక్కో ఇన్నింగ్స్ 150కి ముగిసే ఆటలో ఒక క్యాచ్ జారితే, ఒకడు అడ్డంగా బాది 40 కొడితే మ్యాచి తారుమారు. కోల్‌కతా టెస్టులో నాలుగు ఇన్నింగ్స్ స్కోర్లు 159, 189, 153, 93. మొత్తం మ్యాచిలో ఒకే ఒక్క అర్ధ సెంచరీ, బవుమా 55 నాటౌట్. తేడా 30 పరుగులు. అంటే బవుమా ఒక్కడే మ్యాచి.

అయితే లాటరీ ఎప్పుడూ తప్పా అంటే, కాదు. లాటరీ టికెట్ బలహీనుడికి మంచిది. 1959 డిసెంబరు, కాన్పూరు. అప్పటిదాకా ఆస్ట్రేలియా మీద మనం ఒక్క టెస్టూ గెలవలేదు. అక్కడ కొత్తగా వేసిన టర్ఫ్ పిచ్. జసూ పటేల్ అనే ఆఫ్ స్పిన్నర్ని దింపితే మొదటి ఇన్నింగ్స్‌లో 69కి 9, రెండోదాంట్లో 55కి 5. 119 పరుగులతో గెలిచాం. మామూలు పిచ్ మీద ఆ ఆస్ట్రేలియాని ఓడించే స్తోమత అప్పటి టీముకి లేదని నా అభిప్రాయం. అలాంటప్పుడు ఆట ఎంత చిన్నదైతే అంత లాభం.

ఈమధ్య పాకిస్తాన్ కథ చూస్తే రెండు వైపులూ తెలుస్తాయి. 2024 అక్టోబరులో ముల్తాన్‌లో 556 కొట్టి కూడా ఇంగ్లండ్ చేతిలో ఇన్నింగ్స్ తేడాతో ఓడారు (ఇంగ్లండ్ 823కి 7 కొట్టింది మరి, బ్రూక్ 317). దాంతో రెండో టెస్టు అదే వాడేసిన పిచ్ మీద, పెద్ద పెద్ద ఫాన్లు పెట్టి ఆరబెట్టి ఆడించారు. సాజిద్ ఖాన్, నోమాన్ అలీ ఇద్దరే 20 వికెట్లూ తీశారు. సిరీస్ 2-1తో గెలిచారు. సెభాష్! కానీ 2025 జనవరిలో వెస్టిండీస్ వస్తే వాళ్ళకీ అదే వంట. మొదటి టెస్టు గెలిచారు, రెండోదాంట్లో వారికన్ 9 వికెట్లు తీసి 120 పరుగులతో ఓడించాడు. 1990 తర్వాత పాకిస్తాన్‌లో వెస్టిండీస్ గెలిచిన మొదటి టెస్టు అది. తనకంటే బలవంతుడి మీద పనికొచ్చిన మందు తనకంటే బలహీనుడి మీద వికటించింది.

మనం చేసిందీ అదే. 2013 నుంచి 18 సిరీస్‌లు వరసగా ఇంట్లో గెలిచిన టీము 2024 అక్టోబరులో బెంగళూరులో 46కి ఔటై న్యూజిలాండ్‌తో ఓడింది. అది మబ్బుల మహిమ, మరిచిపోవచ్చు. కానీ కంగారుపడి పుణే, ముంబైలో బాగా తిరిగే పిచ్‌లు అడిగారు. అంతవరకూ టెస్టుల్లో ఒక్కసారీ ఇన్నింగ్స్‌కి 5 వికెట్లు తియ్యని శాంట్నర్ పుణేలో 13 తీశాడు. ముంబైలో ఎజాజ్ పటేల్ 11. 147 కొట్టలేక 121కి ఔట్. 3-0.

తప్పంతా టీముదే అనను. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో గెలిస్తే 12 పాయింట్లు, డ్రాకి 4. డ్రా అంటే దాదాపు ఓటమే. అందుకే అందరికీ తొందర. కేప్‌టౌన్‌లో 2024 జనవరిలో ఫలితం తేలిన టెస్టుల్లోకెల్లా చిన్నది జరిగింది, మొత్తం 642 బంతులు. సొంతగడ్డ దక్షిణాఫ్రికాదే, 55కి ఔటైందీ వాళ్ళే. మన సిరాజ్ మియా 15 పరుగులకి 6 వికెట్లు. అక్కడా గెలిచింది అతిథే.

ఇదంతా చెప్పాక మావాడు కాసేపు ఆలోచించి "అయితే మంచి బాటింగ్ పిచ్ ఇయ్యాలె, ఐదురోజులు ఆడాలె, గంతే కదా" అన్నాడు. అంతే అన్నాను. ఆ వారాంతంలోనే గువాహటిలో రెండో టెస్టు మొదలైంది. పిచ్ చక్కగా ఉంది. ఆట ఐదోరోజు దాకా సాగింది. దక్షిణాఫ్రికా 489 కొట్టింది. యాన్సన్ 93 పరుగులు చేసి, తర్వాత బౌన్సర్లతో 6 వికెట్లు తీశాడు. 2015లో కూడా మన దేశం వచ్చి వెళ్ళిన హార్మర్ ఈసారి చివరి ఇన్నింగ్స్‌లో 37కి 6. మనం 201, 140. తేడా 408 పరుగులు, పరుగుల లెక్కన మన టెస్టు చరిత్రలోనే అతిపెద్ద ఓటమి.

అశ్విన్, రోహిత్, కోహ్లీ టెస్టులకి దణ్ణం పెట్టేశారు. పెద్ద ఆటలో తేడా బయటపడుతుందన్నాను కదా, బయటపడింది. ఇప్పుడు మనం కాన్పూరు 1959 టీమా, చెన్నై 2016 టీమా అన్నది ముందు తేల్చుకోవాలి. పిచ్ సంగతి ఆ తర్వాత. మర్నాడు క్యాంటీన్లో మావాడు నన్నేమీ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.