ఆషియో: ఒక రాగి పట్టణము

జపాను దేశపు నిక్కో నగరము పేరు చాలమంది వినియుందురు. తొకుగావా ఇయెయాసు సమాధిమందిరమైన తోషోగూ అచ్చటనే యున్నది. ఆ మందిర నిర్మాణమునకు రాగి నిచ్చిన ఆషియో పట్టణమును తలచువారు మాత్ర మరుదు. 2006 మార్చి 20వ తేదీన ఆ పట్టణము నిక్కోలో కలిసిపోయెను. నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచినది దాని కథ.

17వ శతాబ్ది ఆరంభమున బయల్పడిన ఆషియో గని కొంతకాలము వెలిగి, పిమ్మట క్షీణించెను. 1877లో ఫురుకావా ఇచిబేయి దానిని కొనెను. ఏండ్లు గడువకమునుపే క్రొత్త రాగిపొరలు చిక్కి, అది జపానులోనే మేటి గని యయ్యెను. 1916 నాటికి ఆ ఇరుకు లోయలో 38,000 మందికి పైగా నివసించిరి. అయితే కొలిమి గంధకపు పొగకు చుట్టుపట్టుల అడవి మాడెను. వేరు పట్టులేని మన్ను వానకు కొట్టుకొనిపోయెను. ఎగువనున్న మాత్సుకి గ్రామమును 1902లో జనులు విడిచిపోయిరి. దిగువను వాతారసే నది పొంగినపుడెల్ల పొలములపై విషపు మడ్డి పేరుకొనెను. చేపలు చచ్చెను, పంట లెండెను.

ఆ రైతుల పక్షమున నిలిచినవాడు తానకా షోజో. పార్లమెంటులో పదేండ్లు మొరపెట్టి విసిగి, 1901 అక్టోబరులో సభ్యత్వము వదలుకొనెను. డిసెంబరు 10న పార్లమెంటు ప్రారంభోత్సవమునుండి మరలుచున్న మెయిజీ చక్రవర్తి బండికడకు విన్నపపత్రముతో పరుగెత్తెను. పోలీసులు పట్టుకొనిరి, పిచ్చివానిగా నెంచి విడిచిపుచ్చిరి. పత్రము చక్రవర్తి చేతి కందలేదు, పత్రికల కందెను.

ప్రభుత్వము చూపిన పరిష్కారము మాత్రము విడ్డూరము. గనిని మూయక, వరదనీటిని నిలుపుటకై దిగువనున్న యానాకా గ్రామమును తీసికొనెను. 1906లో ఆ గ్రామమును పొరుగున నున్న ఫుజియోకాలో కలిపివేసిరి. కదలనని భీష్మించిన 16 కుటుంబముల ఇండ్లను 1907లో కూల్చిరి. తానకా వారి నడుమనే బ్రతికి, 1913లో మరణించెను.

నూరేండ్లు తిరుగగనే పేరు పోగొట్టుకొనువంతు గనిగల పట్టణమునకే వచ్చెను. 1973లో గని మూతపడెను. విలీనము నాటికి ఊర మూడు వేల పైచిలుకు జనమే మిగిలిరి. ఈ విలీనమున ఇండ్లు కూల్చినవా రెవరును లేరు, ఆ భేదము మరువరాదు. నిక్కోతో పాటు ఇమాయిచి నగరము, ఫుజిహారా పట్టణము, కురియామా గ్రామము కూడ ఒక్కటయ్యెను. పేరు నిక్కోది, నగర కార్యాలయము ఇమాయిచిది! ఆషియోకు దక్కినది చిరునామాలో నిక్కో తరువాతి స్థానము. ఫుజియోకాయు 2010లో తొచిగి నగరమున లీనమయ్యెను.

ఆషియో బోడికొండలపై నేటికిని మొక్కలు నాటుచున్నారు. యానాకా ఆలయపు ఆనవాళ్లును, శ్మశానపు రాళ్లును వాతారసే వరదమైదానపు రెల్లు నడుమ నట్లే యున్నవి.