తురక అన్న మాట

ఎమ్మిగనూరులో నేను తెలుగు చెప్పే రోజులలో ఒకనాడు తత్సమ తద్భవాల పాఠం నడుస్తున్నది. "తురుష్క" శబ్దం నుండి "తురక" వచ్చినదని నల్లబల్లమీద వ్రాసి, తురుష్కులనగా టర్కులు అని అర్థం చెప్పాను. వెనుక వరుస నుండి ఒక బాలుడు లేచి, "మా నాయన దూది ఏకుతాడు సార్. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. మమ్మల్ని తురకోళ్ళు అంటారు కదా, మేము టర్కీ నుంచి వచ్చినామా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేను వ్యుత్పత్తిని మరొకమారు చెప్పి కూర్చోబెట్టాను. అది సమాధానం కాదని నాకు ఆనాడే తెలుసు.

మిత్రులారా, ఆ బాలునికి చెప్పవలసియుండినది ఇది.

తురుష్క శబ్దం మొదట మతవాచకం కాదు. 12వ శతాబ్దిలో కల్హణుడు రాజతరంగిణిలో హుష్క, జుష్క, కనిష్కులను తురుష్క వంశీయులని చెప్పి, వారు మఠాలు, చైత్యాలు కట్టించిన పుణ్యాత్ములని మెచ్చుకున్నాడు. కనిష్కుడు బౌద్ధాన్ని ఆదరించిన రాజు. ఇస్లాం పుట్టుకకు ఎన్నో శతాబ్దాల ముందటివాడు! 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట పుట్టిన ప్రోలయనాయకుని విలస శాసనం ఢిల్లీవారిని తురుష్కులన్నది. తుగ్లకులు నిజముగానే టర్కు సంతతివారు గనుక అక్కడ మాట అతికింది. "యవన" కథ కూడా ఇంతే. అయోనియా గ్రీకుల పేరు అది. కృష్ణదేవరాయలనాటికి సుల్తానులకు చెల్లింది. రాయలవారి బిరుదులలో "యవనరాజ్య స్థాపనాచార్య" ఒకటి.

"హిందూ" మాత్రం? సింధునదిని పారసీకులు పలికిన తీరు. 1352 నాటి శాసనంలో బుక్కరాయలు "హిందూరాయ సురత్రాణ" అని చెప్పుకున్నాడు. సురత్రాణుడంటే సుల్తానే! సురలను కాపాడువాడు అని సంస్కృతంలోనూ అర్థం కుదిరేటట్లు మలచిన ఆ పండితునికి మనసులో ఎన్నోసార్లు నమస్కరించాను.

ఇక మా ఆదోని. 1565 యుద్ధం తరువాత కొన్నేళ్ళకు ఈ దుర్గం బిజాపురం వారి వశమైనది. ఇక్కడ జామియా మసీదు కట్టించిన 17వ శతాబ్దపు పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్. సిద్దీలనగా ఆఫ్రికా సంతతివారు. ఆయనకు టర్కీతో ఏమి సంబంధం? ఉత్తరదేశంలో పుట్టిన ఉర్దూను మావైపు "తురకం" అంటారు. ఆ తురకమూ రాని, తెలుగే తల్లిభాషయైన దూదేకులవారినీ తురకలలోనే కలిపాము. వారి అసలు పేరు వృత్తినామం: దూదిని ఏకువారు. పత్తి పండే సీమ, మగ్గాలు ఆడే ఊరు; వారు లేనిదే ఏ ఇంటికి పరుపు, దిండు? కన్నడ సీమ పొరుగున ఉన్నందున మావైపు పింజారి అనీ అంటారు. ఆ మాటను తిట్టుగా వాడడం ఉపాధ్యాయుల గదిలోనే విన్నాను. నేనూ విని ఊరకున్నవాడినే.

ఆ బాలుని తండ్రి చేత మా ఇంటి పరుపులు రెండు మార్లు ఏకించుకున్నాము. మా వరండాలో కూర్చుని, దూది పొగలా లేస్తుంటే, నాతో తెలుగులోనే ముచ్చటించేవాడు.