యానిమల్ (2023 హిందీ చిత్రం): విమర్శకుల స్పందన

వరంగల్‌కు చెందిన సందీప్ రెడ్డి వంగా దర్శకత్వం వహించిన ‘యానిమల్’ 2023 డిసెంబరు 1న తెలుగు అనువాదంతో సహా విడుదలైంది. నిడివి 201 నిమిషాలు, ‘ఎ’ సర్టిఫికెట్. రణ్‌బీర్ కపూర్ నటనను మెచ్చిన సమీక్షకుల్లోనూ చాలామంది నెత్తుటి పోరాటాలను, స్త్రీ ద్వేషాన్ని తప్పుపట్టారు. బూటు నాకమని కథానాయకుడు ఒక స్త్రీని అడిగే సన్నివేశాన్ని, సినిమా పేరెత్తకుండానే, రచయిత జావేద్ అఖ్తర్ ఖండించారు. రాజ్యసభలో కాంగ్రెస్ సభ్యురాలు రంజీత్ రంజన్ ఈ చిత్రంలోని హింసను ప్రస్తావించారు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. తండ్రి ప్రేమకు మొహం వాచిన కొడుకు వేదనను చూపడం వేరు, ఆ వేదన సాకుతో అతని క్రౌర్యానికి ఈలలు వేయించడం వేరు. వసూళ్లు మాత్రం 900 కోట్ల రూపాయలు దాటాయి. నేపథ్య సంగీతానికి హర్షవర్ధన్ రామేశ్వర్ 71వ జాతీయ చలనచిత్ర పురస్కారం పొందారు.