కారు రంగు రక్షణ పూతలు

కారు రంగుపై ఉండే పారదర్శక పొర అయిన క్లియర్ కోట్‌ను ఎండ, పక్షి రెట్టలు, గీతలు, రాళ్ల దెబ్బల నుంచి కాపాడేందుకు వేసే పొరలివి. ఫ్యాక్టరీలో వేసే క్లియర్ కోట్ మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లే. పాలిష్ చేసిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది. కాబట్టి పూత విలువను మెరుపును బట్టి కాక, అది దేని నుంచి, ఎంతకాలం కాపాడుతుందో చూసి నిర్ణయించాలి. బ్రెజిల్‌లోని కార్నౌబా తాటి ఆకుల నుంచి తీసే మైనం మంచి నిగారింపునిస్తుంది, కానీ ఎండకూ, కడగడానికీ కొన్ని వారాల్లోనే పోతుంది. కృత్రిమ పాలిమర్ సీలెంట్లు కొన్ని నెలలు నిలుస్తాయి. సిలికా ఆధారిత సిరామిక్ పూత క్లియర్ కోట్‌ను గట్టిగా అంటిపెట్టుకుని, సరిగా చూసుకుంటే 2 నుంచి 5 ఏళ్లు ఉంటుంది. మురికి సులువుగా వదులుతుంది.

అయితే సిరామిక్ వేస్తే గీతలే పడవన్న ప్రచారం నిలవదు. ప్రకటనల్లోని 9హెచ్ అనేది పెన్సిల్ కాఠిన్య పరీక్ష కొలమానం; ఖనిజాలను కొలిచే మోస్ స్కేలు కాదు. ఒకటి రెండు మైక్రాన్ల పూత ఎగిరివచ్చే రాయిని ఆపలేదు. ఆ పని చేసేది 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయూరిథేన్ ఫిల్మ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (పీపీఎఫ్). అది దెబ్బను పీల్చుకుంటుంది. మంచి రకాల్లో సన్నని గీతలు వేడికి మాసిపోతాయి. ఈ ఫిల్మ్ 5 నుంచి 10 ఏళ్లు మన్నుతుంది. ఖరీదు ఎక్కువన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ రాళ్లు ఎక్కువగా తగిలేది బంపర్‌కూ బానెట్ ముందు భాగానికే గనుక, అక్కడ ఫిల్మ్, మిగతా బాడీకి సిరామిక్ వేయించుకోవడం సమంజసం. లవణాలెక్కువున్న బోరు నీటితో కడిగేచోట ఏ పూత ఉన్నా వెంటనే తుడవాలి. లేకుంటే తెల్ల మరకలు పడతాయి. సంరక్షణకు ఏ పూతా ప్రత్యామ్నాయం కాదు.