లైసెన్సు రెన్యువల్లో ఎరుపు, ఆకుపచ్చల ప్రశ్న

డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ చేయించుకున్నవాళ్లలో చాలామంది ఫారం 1 మీద చదవకుండానే సంతకం పెట్టి ఉంటారు. మూర్ఛ వస్తుందా, పాతిక మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలరా, రేచీకటి ఉందా అని అందులో వరసగా ప్రశ్నలుంటాయి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలతో వచ్చిన ఈ ఫారంలో 2020 దాకా మరో ప్రశ్న ఉండేది: ఎరుపు, ఆకుపచ్చ రంగులను తేలిగ్గా గుర్తుపట్టగలరా? మిగతా ప్రశ్నలతో నాకు పేచీ లేదు. ఈ ఒక్కదాని పుట్టుపూర్వోత్తరాలు మాత్రం హేతువాదులు తప్పక తెలుసుకోవాలి.

వర్ణాంధత్వాన్ని మొదట శాస్త్రీయంగా వివరించినవారిలో ముఖ్యుడు జాన్ డాల్టన్. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే. తనకీ, తన సోదరుడికీ రంగులు అందరికీ కనిపించినట్టు కనిపించవని 1794లో మాంచెస్టర్‌లో వ్యాసం చదివాడు. కంటిలోపలి ద్రవం నీలంగా ఉండటమే కారణమని ఊహించాడు. తాను పోయాక కన్ను తెరిచి చూడమని చెప్పి పెట్టాడు. 1844లో చూశారు. ద్రవం నీలంగా లేదు. అలా ఆ ఊహ తప్పని తేలింది. దాచి ఉంచిన ఆ కంటి ముక్క నుంచే 1995లో డి.ఎన్.ఎ. తీసి పరీక్షిస్తే, ఆకుపచ్చ ప్రాంతపు కాంతిని పట్టే వర్ణకం ఆయనకి లోపించిందని బయటపడింది. తన ఊహని తానే పరీక్షకి పెట్టడమంటే ఇదీ.

ఈ లోపం ఉద్యోగ నిబంధనల్లోకి ఎక్కిన తీరు వేరు. 1875 నవంబరు 14-15 రాత్రి స్వీడన్‌లో లాగర్లుండా దగ్గర రెండు ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఢీకొని తొమ్మిదిమంది చనిపోయారు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్, ఇంజను మీద ఉన్నవారికి వర్ణాంధత్వం ఉండి ఉంటుందని అనుమానించాడు. రంగురంగుల ఉన్ని పోగులతో ఒక పరీక్ష తయారుచేసి 266 మంది రైల్వే ఉద్యోగులను పరీక్షిస్తే 13 మందిలో లోపం కనిపించింది. రంగు దీపాలను నమ్ముకుని నడిచే రైళ్లకి అది పట్టించుకోవలసిన విషయమే. ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు దేశదేశాల రైల్వేలకి, ఓడలకి పాకాయి.

అయితే అసలు ప్రమాదానికి వర్ణాంధత్వమే కారణమా? 2012లో మోలన్, కవోనియస్ అనే పరిశోధకులు ఆనాటి రికార్డులన్నీ తిరగేశారు. ఆ డ్రైవరుకి లోపం ఉందో లేదో ఇక నిశ్చయంగా తేల్చడం కష్టమని వాళ్లు చూపించారు. అంటే రుజువు కాని ఒక అనుమానం, పరీక్షల చరిత్రలో రుజువైన కథగా చలామణీ అయిపోయింది.

రైలు సంగతి రోడ్డుకి అచ్చంగా వర్తించదు కూడా. రాత్రిపూట రైలు డ్రైవరుకి దూరాన ఒక్క దీపమే కనిపిస్తే రంగు తప్ప వేరే ఆనవాలు ఉండదు. రోడ్డు సిగ్నల్లో మామూలుగా ఎరుపు పైన, ఆకుపచ్చ కింద ఉంటాయి. రంగు తెలియకపోయినా ఏది వెలిగిందో తెలుస్తుంది. బ్రిటన్‌లో కారు నడిపేవారికి వర్ణాంధత్వం అడ్డంకి కాదు. అయితే ఒక రకం లోపంలో ఎరుపు మసకగా కనిపిస్తుందనీ, ముందు బండి బ్రేకు లైటు ఆలస్యంగా కంటబడవచ్చనీ ఒప్పుకోవాలి. అందుకే లోపం ఉందా లేదా అన్నది చాలదు, ఏ రకం, ఎంత అన్నది కూడా చూడాలి.

మన దగ్గర చిక్కు సరిగ్గా అక్కడే వచ్చింది. ఇరవయ్యో ఏట లైసెన్సు తీసుకున్నవాడికి నలభయ్యో ఏట రెన్యువల్ వస్తుంది. నలభై దాటితే ఫారం 1ఎ మీద డాక్టరు సర్టిఫికెట్ కావాలి. 1917లో ఇషిహారా ప్రచురించిన చుక్కల బొమ్మల్లో అంకె కనిపించకపోతే, ఇరవై ఏళ్లపాటు ఒక్క ప్రమాదం లేకుండా నడిపినా 2020 దాకా అది లెక్కలోకి వచ్చేది కాదు. ఆ బొమ్మలు లోపాన్ని చక్కగా పట్టుకుంటాయి గాని దాని తీవ్రతని కొలవడానికి సరిపోవు.

ఇంకోవైపు అసలు బండి నడపడం వచ్చా అన్న ప్రశ్నకి మన వ్యవస్థ ఇచ్చిన జవాబు చూడండి. 2004-05లో ఢిల్లీలో 822 మంది లైసెన్సు అభ్యర్థులతో ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేసి 2007లో ప్రచురించారు. లైసెన్సు పొందినవారిలో సుమారు 70 శాతం మంది ప్రభుత్వ పరీక్షకే హాజరు కాలేదు. పరిశోధకులు విడిగా పెట్టిన పరీక్షలో 60 శాతానికి పైగా తప్పారు. చుక్కల బొమ్మ దగ్గర అంత పట్టుదల, స్టీరింగు దగ్గర ఇంత ఉదారత!

2020 జూన్‌లో కేంద్రం ఈ ఫారాలను సవరించింది. వైద్య నిపుణుల సలహా తీసుకుని, స్వల్ప, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవారికి లైసెన్సు ఇవ్వవచ్చంది. తీవ్రంగా ఉన్నవారికే ఆంక్ష మిగిలింది. ఆలస్యమైనా ఇది సరైన పని.

బతుకుతెరువుకి బండి నడిపేవాళ్ల కథ అంత తేలిగ్గా తెమలలేదు. తెలంగాణ ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరుకి వర్ణాంధత్వం ఉందని తర్వాతి వైద్య పరీక్షలో తేలితే, సంస్థ అతన్ని రిటైరు చేసి పంపేసింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతనికి తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. బస్సు నడపనివ్వకపోవడంలో ప్రయాణికుల భద్రత ఉంది, కాదనను. మనిషిని మొత్తంగా పనికిరానివాడిగా తీసిపారేయడంలో ఏ భద్రతా లేదు.

నియమాలు ఉండకూడదని నా వాదన కాదు. ప్రతి నియమం వెనకా ఏ సాక్ష్యం ఉందో అడగాలి, సాక్ష్యం మారితే నియమమూ మారాలి. తాయెత్తుని ప్రశ్నించే మనం ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని మాత్రం ప్రశ్నించకుండా వదిలేస్తే, మనది సగం హేతువాదమే అవుతుంది.